స్కానులో ఏమీ లేదట!

వారపత్రికలో సీరియలు చదివే అలవాటున్నవారికి ఒక సంగతి బాగా తెలుసు. కిందటి వారం కథ ఎక్కడ ఆగిందో జ్ఞాపకం లేకపోతే, ఈ వారం కథానాయిక ఎందుకు కన్నీరు పెట్టుకుంటున్నదో బోధపడదు. అంచేతనే సంపాదకులు దయతలచి పైన “జరిగిన కథ” అని నాలుగు ముక్కలు అచ్చు వేయిస్తారు. అది చదవగానే తెగిన దారం అతుక్కుంటుంది. మనం హాయిగా ముందుకు సాగిపోతాం.

మన బతుకులూ సీరియలు కథలవంటివే. ప్రతి ఉదయం మనం నిద్ర లేచేసరికి, మన “జరిగిన కథ”ను మన మెదడు మనకు తెలియకుండానే సిద్ధం చేసి ఉంచుతుంది. నిన్న ఎవరికి అప్పిచ్చామో, ఎవరితో మాట పట్టింపు వచ్చిందో, ఇవాళ ఎవరింటికి వెళ్లవలసి ఉన్నదో అన్నీ అందులో ఉంటాయి. ఒకనాడు అది సిద్ధం కాకపోతే? మనిషి చూడడానికి నిక్షేపంగా ఉంటాడు. అన్నం తింటాడు, నవ్వుతాడు, సినిమా కబుర్లు చెబుతాడు. కాని నిన్నటి పేజీ మాత్రం చిరిగిపోయి ఉంటుంది. అటువంటివాడు మా ఇంట్లోనే ఒకడున్నాడు. అతని సంగతి చెబితే నలుగురికీ ఉపయోగపడుతుందని ఈ వారం ఈ కాలమ్ దానికే వినియోగిస్తున్నాను. అతని అనుమతి తీసుకునే రాస్తున్నాను సుమా! ఆ అనుమతి ఇచ్చిన సంగతి అతనికి జ్ఞాపకం ఉండడానికి కూడా ఒక ఏర్పాటు చేసుకున్నాం. అది చివర చెబుతాను.

అతడు నా మేనల్లుడు. పాతికేళ్లవాడు. మా అక్కయ్యగారిది గోదావరికి ఇవతలి ఒడ్డున, సారపాక దగ్గర ఒక పల్లె. బావగారికి కిరాణా కొట్టున్నది. చుట్టుపక్కల గూడేలనుంచి వచ్చే కోయవారు ఉప్పూ పప్పూ ఖాతామీద తీసుకుపోయి, తునికాకు డబ్బు చేతికి వచ్చినప్పుడు బాకీ తీర్చేస్తారు. తరాలుగా నడుస్తున్న వ్యవహారం. కాగితంకంటే మాటే ఎక్కువ. కొట్టు బాధ్యత నెమ్మదిగా కుర్రవాడి చేతికి వస్తున్న రోజులవి.

కిందటేడు వేసవిలో, ఆకు కోతల కాలంలో, అతడు పాల్వంచలో పని చూసుకుని మోటారు సైకిలుమీద ఇంటికి బయలుదేరాడు. ఖమ్మంనుంచి కొత్తగూడెం, పాల్వంచలమీదుగా భద్రాచలం పోయే ఆ దారి, రాములవారి కల్యాణానికి వచ్చినవారందరికీ తెలిసినదే. పాల్వంచ దాటాక అడవి దగ్గరకు జరుగుతుంది. పొద్దువాలే వేళ ఆ రోడ్డుమీద లారీలుంటాయి, గేదెలుంటాయి, ఒక్కొక్కప్పుడు అడవిపందులూ ఉంటాయి. మావాడికి ఎదురైనది గేదె. హెల్మెట్టు ఉన్నది. అయితే అది తలమీద కాదు, పెట్రోలు ట్యాంకుమీద ఉన్నది.

తునికాకు కల్లంనుంచి ఇళ్లకు పోతున్న కోయవారు నలుగురు చూసి, పక్కకు చేర్చి, 108కి ఫోను చేశారు. పావుగంటసేపు తెలివి లేదట. తరువాత కళ్లు తెరిచి, “నా బండి ఏదీ?” అన్నాడట. చెప్పారు. రెండు నిమిషాలకు మళ్లీ, “నా బండి ఏదీ?” ఆస్పత్రికి చేరేలోగా ఆ ప్రశ్న ఇరవైసార్లయినా అడిగి ఉంటాడని, తోడు వచ్చిన పెద్దమనిషి మాకు చెప్పాడు. కుర్రవాడు దక్కాడన్న సంతోషంలో మేము నవ్వుకున్నాం. అసలు రోగమంతా ఆ ఇరవై ప్రశ్నలలోనే ఉన్నదని మాకేం తెలుసు?

ఆస్పత్రిలో తలకు సి.టి. స్కాను తీశారు. “ఎముక విరగలేదు, లోపల రక్తం గడ్డ కట్టలేదు, స్కాను నార్మలే” అన్నారు. రెండు రోజులు ఉంచుకుని పంపించేశారు. మా అక్కయ్య భద్రాద్రి రాముడికి కొబ్బరికాయ కొట్టింది.

ఆ తరువాత మొదలైంది కథ. కుర్రవాడు కొట్టులో కూర్చుంటాడు, సరుకు ఇస్తాడు, ఖాతాలో రాయడం మరిచిపోతాడు. వచ్చిన డబ్బు ఎక్కడ పెట్టాడో తెలియదు. పొద్దున చెప్పిన పని సాయంత్రానికి ఉండదు. గంటసేపు లెక్కలు చూస్తే తలనొప్పి, పడుకుంటాడు. నలుగురు ఒక్కసారి మాట్లాడితే చిరాకు పడతాడు. వెనక ఇంత కోపిష్టి కాడు.

బావగారు మంచివారే, కాని వ్యాపారస్తులు. ఆయన వాదం ఆయనకున్నది. “స్కానులో ఏమీ లేదని డాక్టరే చెప్పాడు కదటోయ్! పొట్లం కట్టడం మరిచిపోయాడా? లేదు. బండి నడపడం మరిచిపోయాడా? లేదు. అయిదో తరగతిలో పంతులు కొట్టిన దెబ్బలు లెక్కతో సహా చెబుతాడు. డబ్బు సంగతే మరుపొస్తుందా? ఇది మరుపు కాదు, ఒళ్లు బద్ధకం!”

నేనేమన్నాననుకున్నారు? పిల్లలకు పద్యాలు వల్లె వేయించే వృత్తి నాది. “శ్రద్ధ చాలదురా అబ్బాయీ! రోజుకు నాలుగు పద్యాలు కంఠతా పట్టు, జ్ఞాపకశక్తి పదునెక్కుతుంది” అని ఒక శతకం చేతిలో పెట్టి వచ్చాను. ఇవాళ తలచుకుంటే సిగ్గేస్తుంది. కాలు విరిగినవాణ్ణి పరుగు పందెంలో నిలబెట్టినట్లయింది.

వానాకాలంలో ఒకనాడు అక్కయ్య ఏడుస్తూ ఫోను చేసింది. ముసలి కోయ ఆయన ఒకడు, ముప్పై ఏళ్ల ఖాతాదారు, బాకీ 4,000 రూపాయలు చెల్లించానంటున్నాడు. ఖాతాలో లేదు. మావాడు, “నాకు ఇవ్వలేదు” అన్నాడు. అబద్ధం కాదు, అతనికి నిజంగా అలాగే తోచింది. బావగారు నలుగురిలో మాట జారారు. ముసలాయన మారు మాటాడకుండా లేచి వెళ్లిపోయాడు. రెండు రోజుల తరువాత బెల్లం డబ్బా వెనక, తునికాకులో చుట్టిన నోట్లు దొరికాయి. ఆ ఆకు చుట్ట చూడగానే కుర్రవాడు అదిరిపడి, “ఔను, ఆయనే ఇచ్చాడు! ఆ వేళ జోరున వాన. తడుస్తాయని ఆకులో చుట్టి తెచ్చాడు” అని సర్వం చెప్పేశాడు. బావగారికి మండిపోయింది. “ఇప్పుడెలా జ్ఞాపకం వచ్చింది? అంతా నటన!” అని చెయ్యెత్తారట. ఇరవై అయిదేళ్ల కొడుకుమీద!

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఒకడి మరుపు మరొక పేదవాణ్ణి అబద్ధాలకోరును చేసింది. ఇక ఊరుకోరాదనుకున్నాను. నా దగ్గర ఇంటర్మీడియట్‌లో తెలుగు చదువుకున్న అమ్మాయి ఒకతె ఇప్పుడు హైదరాబాదులో నరాల వైద్యురాలు. ఆమెకు ఫోను చేశాను. అంతా విని ఆమె మొదట అడిగిన ప్రశ్న ఇది:

“మాస్టారూ, దెబ్బ తగిలాక, వరసగా జరిగినవి జరిగినట్లు జ్ఞాపకం ఉండడం ఎన్నాళ్లకు మొదలైంది?”

కనుక్కున్నాం. ఆస్పత్రిలో గడిపిన రెండు రోజులూ, ఇంటికి వచ్చిన మరునాడూ అతనికి బొత్తిగా జ్ఞాపకం లేవు. మాతో మాట్లాడాడు, పాలు తాగాడు. కాని ఏదీ లోపల నిలవలేదు. తలదెబ్బ తీవ్రతను తెలివి తప్పిన కాలంకంటే ఈ మరుపు కాలమే బాగా చెబుతుందట. రిచీ రస్సెల్ అనే బ్రిటిష్ వైద్యుడు, నేథన్ అనే మరొకాయనతో కలిసి, వెయ్యికి పైగా తలగాయాల కేసులు పరిశీలించి 1946లోనే దీన్ని వివరంగా రాశాడు. దానికి యంత్రం అక్కరలేదు, అడిగే తీరిక ఉంటే చాలు. మమ్మల్ని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

“మరి స్కానులో ఏమీ లేదన్నారు కదమ్మా?” అన్నాను.

“ఆ స్కాను తప్పు చెప్పలేదు మాస్టారూ. దాన్ని అడిగిన ప్రశ్న వేరు. మీరు అనుకున్న ప్రశ్న వేరు” అన్నది.

ఈ ఒక్క మాట తెలియక ఎన్ని ఇళ్లలో ఎన్ని కలహాలు జరుగుతున్నాయో! అంచేత ఆమె చెప్పినదీ, ఆ తరువాత నేను చదివి తెలుసుకున్నదీ కలిపి మీ ముందుంచుతాను.

వెనకటికి ఎక్స్‌రే ఒక్కటే ఉండేది. అది తలలో ఎముకను చూపిస్తుంది గాని మెదడును చూపలేదు. ఇంగ్లండులో గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంజనీరు, తలచుట్టూ ఎక్స్‌రేలు తిప్పి, లెక్కలు కట్టి, లోపలి మెదడును పొరలు పొరలుగా చూపించే యంత్రం కల్పించాడు. ఆయన పనిచేసిన కంపెనీ ఇ.ఎం.ఐ. మన ఇళ్లలో ఒకప్పుడు పాడిన కుక్కబొమ్మ గ్రామఫోను ప్లేట్లు ఆ కంపెనీవే. 1971 అక్టోబరు 1న లండన్‌లో మొదటి రోగికి ఆ స్కాను తీశారు. 1979లో హౌన్స్‌ఫీల్డ్‌కూ, దీని గణితం వేరుగా సాధించిన అలన్ కార్మాక్‌కూ నోబెల్ బహుమతి వచ్చింది.

తలదెబ్బ తిన్నవాడికి మొదటి గంటల్లో ప్రాణదాత ఈ సి.టి. స్కానే. నిమిషాల మీద అయిపోతుంది. “లోపల రక్తం చేరిందా? ఎముక విరిగిందా? వెంటనే ఆపరేషను చేయాలా?” అన్నవి దాన్ని అడిగే ప్రశ్నలు. మావాడి విషయంలో అది “అక్కరలేదు” అన్నది. అది నిజమే. మేము ఆ జవాబు పట్టుకుని, “మెదడుకు ఏమీ కాలేదు, జ్ఞాపకశక్తి నిక్షేపం” అని అర్థం చెప్పుకున్నాం. టీకా తాత్పర్యాలు చెప్పే వృత్తిలో ఉండి కూడా మూలంలో లేని అర్థం లాగాను చూశారా!

మరి దెబ్బ ఎక్కడ తగిలినట్లు? మా వైపు వేసవిలో ముంజెలు బాగా దొరుకుతాయి. గట్టి కాయ, లోపల మెత్తని ముంజె. కాయను గట్టిగా కుదిపితే పైన గీత కూడా పడదు, లోపలి ముంజె మాత్రం చెదురుతుంది. మెదడు అంతకంటే సుకుమారం. బండిమీదనుంచి పడ్డప్పుడు తల గిర్రున తిరిగి చటుక్కున ఆగుతుంది. పుర్రె ఆగిపోయినా మెదడు ఆగదు. పొర మీద పొర జారి, మెలి తిరుగుతుంది. 1943లో ఆక్స్‌ఫర్డ్‌లో హోల్‌బోర్న్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు మెదడు ఆకారంలో జెలటిన్ ముద్దలు పోసి కుదిపి చూపాడు; మెదడుకు ఎక్కువ హాని చేసేది ఈ మెలికేనని. మెదడులో ఒక చోటినుంచి మరొక చోటికి వార్తలు మోసే సన్నని నరపు పోగులున్నాయి. మెలికకు ఆ పోగులు సాగుతాయి, కొన్ని తెగుతాయి. తలగాయం తరువాత నెలల తరబడి కోలుకోకుండా ఉండి మరణించినవారి మెదళ్లను సూక్ష్మదర్శినిలో చూసి, 1956లో సబీనా స్ట్రిచ్ అనే వైద్యురాలు ఈ పోగుల నాశనాన్ని వర్ణించింది. వారిది దారుణమైన గాయం. తేలిక గాయాల్లో ఇదే హాని చిన్న ఎత్తున జరుగుతుంది. అంత సన్నని పోగుల తెగుదల సి.టి. కంటికి ఆనదు. బట్టను దూరంనుంచి చూస్తే చిరుగు కనబడుతుంది గాని పేక జారిన పోగు కనబడుతుందా?

ఇందుకు ఎం.ఆర్.ఐ. కొంత మెరుగు. ఇందులో ఎక్స్‌రేలు లేవు. పెద్ద అయస్కాంతం ఉంటుంది, భూమి అయస్కాంతశక్తికి 30 వేల రెట్లు. ఒంట్లోని నీటిని పలికించి ఆ పలుకుతో బొమ్మ కడతారు. దీనికి 2003లో లాటర్‌బర్, మ్యాన్స్‌ఫీల్డ్ అనే ఇద్దరికి నోబెల్ బహుమతి ఇచ్చారు. ఈ యంత్రంతోనే ఇంకొక విధంగా బొమ్మ తీస్తే, రక్తపు చుక్క ఇంకిన చోట మిగిలిన ఇనుము నల్లని చుక్కగా కనబడుతుంది. పోగులు తెగిన చోట్లకు అది ఆనవాలు. అమెరికాలో జరిగిన ఒక పరిశోధన 2013లో అచ్చయింది. తేలికపాటి తలగాయం తగిలి, సి.టి. స్కాను నార్మలుగా ఉన్నవారికి తొలి రోజుల్లో ఎం.ఆర్.ఐ. తీస్తే, నూటికి 27 మందిలో ఏదో ఒక లోపం కనబడింది.

మావాడికి హైదరాబాదులో ఎం.ఆర్.ఐ. తీశారు. నుదుటి వెనక భాగంలో అలాంటి చుక్కలు మూడు. ఆవగింజకంటే చిన్నవి. బావగారు తెరమీద ఆ చుక్కలకేసి చాలాసేపు చూశారు. ఏమీ అనలేదు. బయటికి వచ్చి కొడుక్కి టీ ఇప్పించారు.

అయితే ఇక్కడే మరొక పొరపాటు పొంచి ఉన్నది. “బొమ్మలో కనబడ్డది కనుక నిజం” అనుకుంటే, రేపు బొమ్మలో కనబడనివాడి గతేమిటి? ఆ అమ్మాయి అదే అన్నది. “మాస్టారూ, ఈ చుక్కలు లేకపోయినా అతని మాట నేను నమ్మేదాన్ని. చుక్కలు కనబడీ చక్కగా పని చేసుకునేవారున్నారు, ఏమీ కనబడకుండానే బాధపడేవారున్నారు. బొమ్మలో మెదడు రూపు తెలుస్తుంది గాని, జ్ఞాపకం ఫొటోలో పడదు.”

జ్ఞాపకానికి దగ్గరగా వెళ్లే బొమ్మలూ రాకపోలేదు. 1994లో అమెరికాలో పీటర్ బాసర్ ప్రభృతులు నరపు పోగుల వెంట నీరు ఎటు కదులుతున్నదో కొలిచే పద్ధతి ప్రకటించారు. దున్నిన చేలో నీరు చాలు వెంటే పోతుంది; గొడ్లు తొక్కిన చేలో నాలుగు దిక్కులా చెదురుతుంది. ఆ చెదరడాన్నిబట్టి పోగుల క్షేమం ఊహిస్తారు. మరొక పద్ధతిలో, మనిషి ఏదైనా పని చేస్తూంటే మెదడులో ఎక్కడ రక్తం ఎక్కువ పారుతున్నదో చూస్తారు. 1999లో డార్ట్‌మత్ వైద్యులు ఈ పద్ధతిలో, తేలికపాటి తలగాయం తగిలి నెల రోజులైనా కానివారిచేత జ్ఞాపకశక్తి పరీక్ష చేయించారు. వారి మార్కులు మామూలువారితో సమానంగానే వచ్చాయి. కాని పని బరువెక్కినప్పుడు వారి మెదడు మామూలువారి మెదడుకంటే ఎక్కువ ప్రాంతాన్ని పనిలో దించవలసి వచ్చింది. ఇద్దరు కూలీలు ఒకే మూట మోశారు; ఒకడికి మాత్రం కాలు బెణికి ఉన్నది. మూట చేరింది కదా అని ఇద్దరి శ్రమా ఒకటే అంటామా? గంటసేపు లెక్కలు చూసి మావాడు ఎందుకు పడుకుంటున్నాడో నాకప్పుడు బోధపడింది.

ఈ కొలతలకు ఒక ఇబ్బంది ఉన్నది. ఒకడి మెదడు కుదించుకుపోయిందా అని తేల్చాలంటే మామూలు మెదడు ఇంత ఉంటుందని ముందు తెలియాలి. ఆ మామూలు మెదడు పటం చాలాకాలంగా మాంట్రియల్‌లో 152 మంది స్కానులనుంచి తయారైనది. హైదరాబాదు ట్రిపుల్ ఐటీ వారు తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ వైద్యులతో కలిసి, 100 మంది ఆరోగ్యవంతులైన భారతీయ యువతీయువకుల స్కానులతో మన పటం ఒకటి 2019లో ప్రకటించారు. సగటున మన మెదడు కొలతలు పాశ్చాత్యుల కొలతలకంటే కొంచెం చిన్నవని తేలింది. తెలివికీ దానికీ సంబంధం లేదు లెండి, దిగులు పడకండి! పొరుగువాడి కొలతతో కుట్టిన చొక్కా వేసి, “నువ్వు చిక్కిపోయావు” అనకూడదు. అంతే సంగతి. ఈ సూక్ష్మమైన కొలతలన్నీ గుంపు గుంపుగా మనుషులను పోల్చి చూడడానికి పనికివస్తున్నాయి గాని, ఫలానా కుర్రవాడికి ఎంత మరుపున్నదో ఒక్క బొమ్మ చూసి చెప్పే స్థితి ఇంకా రాలేదు. అంచేత మరుపు వచ్చిన ప్రతివారినీ ఎడాపెడా స్కానులకు తిప్పి డబ్బు తగలేయవద్దు.

మరి మరుపును కొలిచేదెట్లా? ఆ మర్నాడు చూశాను. బల్లకు అటువైపు మనస్తత్వ నిపుణురాలు, ఇటువైపు మావాడు. ఆమె 15 మాటలు నింపాదిగా చదివింది. జ్ఞాపకమున్నవి చెప్పమన్నది. అవే మాటలు మళ్లీ చదివింది. అలా అయిదుసార్లు. తరువాత వేరే మాటలు చదివి మనసు మళ్లించి, మొదటివి అడిగింది. వేరే పనులు చేయించి, అరగంట గడిచాక మళ్లీ అడిగింది. నాకు అష్టావధానం జ్ఞాపకం వచ్చింది. అవధానికి అసలు పరీక్ష పద్యం చెప్పడం కాదు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవాడు తోక తొక్కుతూంటే, గంటలు మోగుతూంటే, చివరికి అన్నీ పొల్లుపోకుండా ధారణ చేయడం. వైద్యులు చేసేది అదే కొలత. బెంగుళూరు నిమ్హాన్స్ వారు మనవాళ్లకు తగినట్లుగా ఇలాంటి పరీక్షలు కూర్చి 2004లో ప్రచురించారు.

అయిదోసారికి మావాడు 11 మాటలు చెప్పాడు. అరగంట తరువాత మూడే చెప్పాడు. తల వంచుకున్నాడు. అప్పుడామె పాత మాటలూ కొత్త మాటలూ కలిపి ఒక్కొక్కటే చదివి, “ఇందాక విన్నదేనా?” అని అడిగింది. 12 సరిగా పట్టాడు!

“చూశారా, సరుకు గోదాములో ఉన్నది, తీసి ఇచ్చే గుమాస్తా కునుకుతున్నాడు. ఆనవాలు చూపిస్తే లేస్తాడు” అన్నది మా వైద్యురాలు. బావగారు ఉలిక్కిపడ్డారు. ఆకు చుట్ట చూడగానే కొడుక్కి అంతా ఎలా జ్ఞాపకం వచ్చిందో ఆయనకు తెలిసిపోయింది. నటన కాదది.

పొట్లం కట్టడం ఎందుకు మరిచిపోలేదన్న ప్రశ్నకూ జవాబున్నది. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛలు తగ్గించడానికి మెదడు రెండు పక్కలా లోపలి భాగం కొంత తీసేశారు. అందులో హిప్పోకాంపస్ అనే, సముద్రపు గుర్రం ఆకారంలోని భాగం ఉన్నది. ఆనాటినుంచి 2008లో చనిపోయేవరకు అతనికి కొత్త సంగతి నిలవలేదు. కాని అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం బ్రెండా మిల్నర్ అనే శాస్త్రజ్ఞురాలు నేర్పితే, రోజు రోజుకూ చెయ్యి తిరిగింది. నేర్చుకున్న సంగతి మాత్రం అతనికి తెలియదు! చేతి పని జ్ఞాపకం ఒక గది, నిన్నటి సంగతుల జ్ఞాపకం మరొక గది. పాత సంగతులు కొత్తవాటికంటే గట్టిగా నిలుస్తాయని 1881లోనే ఫ్రాన్సులో రిబో రాశాడు. అయిదో తరగతి దెబ్బలు జ్ఞాపకముండి నిన్నటి 4,000 రూపాయలు లేకపోవడం బద్ధకానికి కాదు, గాయానికే గుర్తు.

మందేమిటంటారా? అంత గొప్ప మందేమీ లేదు. కంటినిండా నిద్ర, కల్లూ సారాయీ ముట్టకపోవడం, పని కొంచెం కొంచెంగా పెంచుకోవడం, రెండోసారి తలకు దెబ్బ తగలకుండా కాపాడుకోవడం. తేలిక గాయాలు చాలామందికి వారాల్లో, నెలల్లో సర్దుకుంటాయి. కొందరికి సర్దుకోవు. వారికి ఆనవాళ్లు అమర్చి ఇవ్వాలి. ఒక పుస్తకం, అలారం, ఏ వస్తువు ఆ చోటనే పెట్టే అలవాటు.

ఇంకొక్క మాట, ఇది మాత్రం ప్రతి ఇల్లాలూ జ్ఞాపకం ఉంచుకోవాలి. తలకు దెబ్బ తగిలినవాడు ఇంటికి వచ్చాక మాటిమాటికీ వాంతి చేసుకున్నా, తలనొప్పి పెరుగుతున్నా, మగతగా పడిపోతున్నా, ఫిట్లు వచ్చినా, చెయ్యీ కాలూ పట్టు తప్పినా, ముక్కునుంచో చెవినుంచో నీరులాంటిది కారినా తెల్లవారనిద్దాం అనుకోకండి. ఆ క్షణమే ఆస్పత్రికి తీసుకుపొండి. మొదటి స్కాను నార్మలని ధీమాగా కూర్చోవద్దు.

హైదరాబాదునుంచి తిరిగి వచ్చిన మరునాడు బావగారు కొట్టు తెరవలేదు. గూడేనికి నడిచి వెళ్లి ముసలాయన ముందు చేతులు జోడించారు. ఆయన, “పిల్లవాడికి బాగుందా?” అని మాత్రం అడిగాడట. ఇరవైసార్లు “నా బండి ఏదీ?” అని విని, ఇరవైసార్లూ ఓపికగా జవాబు చెబుతూ ఆస్పత్రిదాకా వచ్చిన పెద్దమనిషి ఆయనేనని మాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడు కొట్టులో ఒక పుస్తకం ఉన్నది. ఎవరు డబ్బిచ్చినా, వారి ఎదుటనే మావాడు రాసి చదివి వినిపించాలి. రాయడం మరిచిపోతే, “పుస్తకం ఏదీ?” అని ఖాతాదారులే అడుగుతారు. అట్టమీద పేరు నేనే రాసి ఇచ్చాను, “జరిగిన కథ” అని. ఈ కాలమ్‌కు అనుమతి ఇచ్చిన సంగతీ అందులోనే ఉన్నది, తేదీతో సహా.

మొన్న ఆదివారం కుర్రవాడు బండిమీద ఖమ్మం వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి జేబులోంచి చిన్న కాగితం తీసి చదువుకుని, నవ్వుతూ నా చేతికిచ్చాడు. అందులో ఇలా ఉన్నది: “మామయ్య మొదట హెల్మెట్టు సంగతి అడుగుతాడు. తలమీదే ఉన్నదని చెప్పాలి.”

నిజంగానే తలమీద ఉన్నది. తీయడం మరిచిపోయాడు.